ఈ ఒక్కసారికి కానిద్దాం

(బరువులెత్తే పనివారు, ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, వారి సూపర్‌వైజర్లు హాజరైన సమావేశంలో చేతికి దొరికినదానితో సర్దుకుపోయే అలవాటు మీద, బరువులు కట్టి ఎత్తే రిగ్గింగ్ పనిలో ఉండిన ఒక విశ్రాంత ఫోర్‌మన్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. నన్ను తెచ్చి వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు గానీ, కుర్చీలో కూర్చుని మాట్లాడటం నాకు చేతకాదు. నిలబడే మాట్లాడతాను. వెనక ఉన్నవారికి వినబడుతోందా? చెయ్యెత్తండి. సరే, వినబడనివారు చెయ్యెత్తరు కదా, ఆ సంగతి నాకూ తెలుసు.

ఉపన్యాసం రాసుకుని రాలేదు. ఒక సంచి తెచ్చాను. అందులో నాలుగైదు సామాన్లున్నాయి. ఒక్కొక్కటీ తీసి మీ చేతికిస్తాను. చూడండి, తడమండి, పక్కవారికి అందించండి. చివరికి నాకు తిరిగి ఇచ్చేయండి, అవి నా ఆస్తి.

మొదటిది ఈ బోల్టు. ముందు వరుసలో మీరు అందుకోండి, బాబూ. ఆ బల్ల మీద పెట్టి దొర్లించండి. ఏమవుతోంది? సాఫీగా దొర్లదు. ఒక చుట్టు తిరుగుతుంది, ఆగుతుంది, వెనక్కి వస్తుంది. కంటికి తిన్నగానే కనిపిస్తుంది గానీ, నడుము దగ్గర చిన్న వంపు ఉంది. తల మీద చూడండి, దాని బలం చెప్పే అంకె ఏమైనా ఉందా? లేదు. 8.8 లేదు, 4.6 లేదు, ఏమీ లేదు. ఊరూ పేరూ లేని బోల్టు.

బరువును హుక్కుకు తగిలించే వంపు ఇనుమును షాకిల్ అంటాం, దాని నోటికి అడ్డంగా పిన్ను వేస్తాం. దీన్ని ఒక షాకిల్‌లో పిన్నుకు బదులు పెట్టారు. ఎవరు పెట్టారు? నేనే. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. రెండున్నర టన్నుల పంపును దాని దిమ్మ మీదికి ఎక్కించాలి. షాకిల్ ఉంది, పిన్ను లేదు. అందరూ నిలబడి చూస్తున్నారు. క్రేన్ వచ్చి ఉంది. నేను కాలి కింద చూశాను, బోల్టు దొరికింది. రంధ్రంలో పెట్టాను, పట్టింది. నట్టు బిగించాను. లేపండి అన్నాను. లేచింది. పంపు వెళ్లి దిమ్మ మీద కూర్చుంది. అప్పటి మా మేస్త్రి నా భుజం తట్టి, "వీడు పనిమంతుడురా" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ముప్పావు అంగుళం షాకిల్ అంటాం కదా. ఆ ముప్పావు అంగుళం దేనిది? విల్లులా వంగి ఉండే ఒంటిది. అంటే 19 మిల్లీమీటర్లు. మరి పిన్ను? పిన్ను 22 మిల్లీమీటర్లు. ఒళ్లు కంటే పిన్ను ఒక మెట్టు లావు. ఎందుకంటే ఒళ్లు సాగుతుంది, పిన్ను మధ్యలో బరువు పడి వంగుతుంది. వంపును ఆపుకునే శక్తి మందం పెరిగే కొద్దీ ఘనం లెక్కన పెరుగుతుంది. 22కు బదులు 19 పెడితే పోయింది మూడు మిల్లీమీటర్లే అనుకుంటాం. పోయింది మూడో వంతుకు పైగా శక్తి. అది కూడా ఉక్కు రకం ఒకటే అయితే. ఇక్కడ ఉక్కు రకమే తెలియదు. పైగా మరలు చూడండి, సగం దాకా వచ్చేశాయి. బరువు కూర్చునే చోటే మరలున్నాయి. అంటే అక్కడ అసలు మందం 16 మాత్రమే.

షాకిల్ ముప్పావు, బోల్టు ముప్పావు, సరిపోయింది అనుకున్నాను. ఇక్కడ కూర్చున్నవారిలో ఎంతమంది అలా అనుకున్నారు? చెయ్యెత్తక్కర్లేదు.

ఆ బోల్టు నాలుగు నెలలు అక్కడే ఉంది. రోజుకు రెండు మూడు ఎత్తులు. ప్రతిసారీ నిలబడింది. ప్రతిసారీ నా నమ్మకం కొంచెం పెరిగింది, దాని నడుము కొంచెం వంగింది. ఒకరోజు సాయంత్రం షాకిల్ విప్పబోతే బోల్టు బయటికి రాలేదు. సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. తీసి చూస్తే ఇలా ఉంది. విరగలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను చెప్పబోయేదంతా దీని నుంచే వచ్చింది. నాలుగు నెలలు "నిలబడింది కదా" అనుకున్నాను. ఆ నాలుగు నెలలూ అది నిలబడలేదు. మెల్లగా పడిపోతూ ఉంది. నాకు కనబడలేదు, అంతే.

మనలో ఎవరైనా అభ్యంతరం చెబితే మొదట వచ్చే జవాబు ఏమిటి? "ఇన్నేళ్ల నుంచి ఇలాగే చేస్తున్నాం, ఏమైంది?" నేనూ వందసార్లు అన్నాను. నిన్న నిలబడింది అంటే అది నిన్నటి బరువు, నిన్నటి గాలి, నిన్న మీటలు పట్టిన ఆపరేటరు చెయ్యి గురించిన మాట. ఈరోజు గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. పైగా నిన్న నిలబడటానికి అది తన శక్తిలో కొంత ఖర్చు పెట్టుకుంది.

రెండో సామాను. ఈ పట్టీ స్లింగ్, అంటే బరువును చుట్టి హుక్కుకు తగిలించే పట్టీ. మధ్యలో ముడి చూశారా? రెండు పొట్టి స్లింగులు కలిపి ముడేశారు. ఈ ముడి ఇప్పుడు దేవుడు దిగివచ్చినా విప్పలేడు, అంత బిగుసుకుంది. దీన్ని పక్కన పెట్టి, ముందు ఒక లెక్క చెబుతాను. లెక్క అనగానే మొహాలు తిప్పుకోకండి, చిన్న లెక్కే.

మీరిద్దరూ ఇలా రండి. ఈ తాడుకు మధ్యలో నీళ్ల బకెట్ ఉంది. చెరో కొనా పట్టుకోండి. దగ్గరగా నిలబడండి. బరువుందా? అంతగా లేదు. ఇప్పుడు ఒక్కొక్క అడుగూ దూరం జరగండి. ఇంకా. ఇంకా. తాడును తిన్నగా చేయండి చూద్దాం. చేయలేరు. చేతులు వణుకుతున్నాయి, తాడు ఇంకా మధ్యలో కుంగే ఉంది. బకెట్ బరువు పెరిగిందా? లేదు. నీళ్లు అవే. పెరిగింది తాడు మీద లాగుడు. కూర్చోండి, ధన్యవాదాలు, బట్టలు తడిశాయి, క్షమించండి.

రెండు కాళ్ల స్లింగుతో, అంటే హుక్కు నుంచి రెండు వైపులా దిగే స్లింగుతో, ఒక టన్ను బరువు ఎత్తుతున్నాం. కాళ్లు నిలువుగా దిగితే ఒక్కో కాలు మీద 500 కిలోలు. నేల నుంచి కొలిస్తే 60 డిగ్రీల వాలు ఉన్నప్పుడు 577. 45 డిగ్రీలైతే 707. 30 డిగ్రీలైతే ఎంత? 1000. ఒక్కో కాలూ టన్ను మోస్తోంది. ఎత్తుతున్నది టన్నే, రెండు కాళ్లూ కలిసి రెండు టన్నులు లాగుతున్నాయి. 15 డిగ్రీలకు దించితే కాలుకు 1,930 కిలోలు. పైన ఎత్తు చాలదు, హుక్కు అందదు, పొట్టి స్లింగ్ వేసేస్తాం. పొట్టి స్లింగ్ చూడటానికి బిగుతుగా, గట్టిగా కనిపిస్తుంది కూడా. అదే దాని మోసం.

డిగ్రీలు కొలిచే పరికరం మన జేబులో ఉండదు. అక్కర్లేదు. బరువు మీద రెండు కట్లకు మధ్య దూరం ఎంతో, స్లింగ్ కాలు పొడవు కనీసం అంత ఉండాలి. మూడు వైపులా సమానమైతే 60 డిగ్రీలు వచ్చినట్టే. కాలు అంతకంటే పొట్టిగా ఉంటే ఆగండి, పొడుగు స్లింగ్ తెప్పించండి. ఈ ఒక్కటీ గుర్తుంటే ఈరోజు నేను వచ్చిన పని అయినట్టే. కానీ ఇంకా సంచి ఖాళీ కాలేదు.

ఇప్పుడు ఐదు అంకె సంగతి. మనలో తెలివైనవాళ్లు ఒక రహస్యం చెబుతారు, గొంతు తగ్గించి మరీ. "టన్ను అని రాసి ఉంటుంది గానీ, అది ఐదు టన్నులకు గానీ తెగదు. కంపెనీవాళ్లు భయపడి తక్కువ రాస్తారు." సగం నిజం. తీగ తాడు స్లింగులకు భద్రతా గుణకం సాధారణంగా ఐదు. గొలుసు స్లింగులకు నాలుగు. నిజమే, ఉంది. ఎవరి కోసం ఉంది? మనం వాడుకోవడానికి దాచిన బోనస్ కాదు అది. మనకు తెలియని వాటి కోసం ఉంచిన జాగా.

ఆ ఐదు ఎలా కరిగిపోతుందో చూడండి. టన్ను బరువు, ఒక్కో కాలు అర టన్నుకు సరిపోయే రెండు కాళ్ల స్లింగ్. చేతిలో ఐదు ఉంది. స్లింగ్ పొట్టిగా ఉందని ముడేశాం. ముడి పడితే దాదాపు సగం శక్తి పోతుంది. మిగిలింది రెండున్నర. కాళ్లు 30 డిగ్రీలకు వాలాయి, లాగుడు రెట్టింపయింది. మిగిలింది ఒకటింబావు. బరువుకు కొక్కెం లేదు, ఉరితాడులా చుట్టి బిగించాం. అలా బిగిస్తే కనీసం ఇంకో ఇరవై శాతం పోతుంది. ఒకటింబావులో ఇరవై శాతం తీసేయండి. ఎంత? ఒకటి. సరిగ్గా ఒకటి. ఎవరూ తాగి పని చేయలేదు, ఎవరూ ఓవర్‌లోడ్ చేయలేదు, సామానంతా కొత్తదే. మూడు చిన్న సర్దుబాట్లు, అంతే. ఇంక ఆపరేటరు బ్రేకు కొంచెం గట్టిగా వేస్తే చాలు. నేను ఇంకా అరుగుదల మాట ఎత్తనే లేదు, పదునైన అంచు మాట ఎత్తనే లేదు.

తెగేదాకా లాగకూడదని పెద్దలు మాటవరసకు అన్నారు. మన పనిలో అది మాటవరస కాదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. కూలివాళ్లే ఇలాంటి పొరపాట్లు చేస్తారని ముందు వరుసలో కూర్చున్న ఇంజనీరు గారు అనుకోవచ్చు, అందుకని. 1981 జులై 17. అమెరికాలో కాన్సస్ సిటీ. హయత్ రీజెన్సీ అనే హోటల్లో పెద్ద హాలు, దాని మీదుగా గాలిలో వేలాడే నడక వంతెనలు. నాలుగో అంతస్తు వంతెన, సరిగ్గా దాని కింద రెండో అంతస్తు వంతెన. రెండింటినీ పైకప్పు నుంచి ఇనుప రాడ్లతో వేలాడదీశారు. మొదటి నమూనాలో ఒకే పొడుగు రాడ్డు. పైకప్పు నుంచి మొదలై నాలుగో అంతస్తు దూలంలోంచి దూరి, కిందికి రెండో అంతస్తు దాకా. నాలుగో అంతస్తు దూలం కింద ఒక నట్టు, రెండో అంతస్తు దూలం కింద ఒక నట్టు.

పని చేసేవాడి కళ్లతో చూడండి. నాలుగో అంతస్తు దగ్గరికి నట్టు ఎక్కించాలంటే రాడ్డు కింది కొస నుంచి అంత పొడుగునా మరలు కోయాలి, నట్టు తిప్పుకుంటూ రావాలి. నిలబెట్టేటప్పుడు మరలు దెబ్బతింటాయి. చిరాకైన పని. దానికి ఉపాయం తట్టింది. ఒక రాడ్డును రెండు చేద్దాం. పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దాకా ఒకటి, నాలుగో అంతస్తు దూలం నుంచి రెండో అంతస్తు దాకా ఇంకొకటి. రెండూ పక్కపక్కనే. ఎంత తేలిక! ఏమిటి తేడా?

తేడా చెబుతాను. ఒక మోకు వేలాడుతోంది. ఇద్దరు మనుషులు ఒకరి కింద ఒకరు మోకు పట్టుకుని వేలాడుతున్నారు. ఎవరి చేతులు వాళ్ల బరువే మోస్తున్నాయి. ఇప్పుడు కిందివాడు మోకు వదిలేసి పైవాడి కాళ్లు పట్టుకున్నాడు. మోకు మీద బరువు మారిందా? లేదు. పైవాడి చేతుల మీద? ఇద్దరి బరువు. నాలుగో అంతస్తు దూలం కింద నట్టు పని సరిగ్గా అదే అయింది. ఒక వంతెనను మోయాల్సిన నట్టు రెండు వంతెనలను మోసింది. దర్యాప్తులో ఇంకో సంగతి తేలింది. మొదటి నమూనా కూడా నియమాలు అడిగినదానిలో 60 శాతమే మోయగలదు. ఉపాయంతో అది 30కి పడింది. అయినా హోటల్ తెరిచి ఏడాది పాటు నిలబడింది. చూశారా, ఇక్కడా "నిలబడింది కదా". ఒక సాయంత్రం నాట్యాల కార్యక్రమానికి జనం చేరారు. 114 మంది చనిపోయారు.

ఈ మార్పు కాగితం మీద ఉంది. దాని మీద ముద్ర కూడా ఉంది. లెక్క మాత్రం ఎవరూ మళ్లీ వేయలేదు. మన షాకిల్‌లో బోల్టుకూ, వాళ్ల రెండు రాడ్లకూ పెద్ద తేడా ఏముంది? రెండూ పని తేలిక చేయడానికి పుట్టినవే. రెండు చోట్లా చూసినవాళ్లు మెచ్చుకునే ఉంటారు.

మూడో సామాను జాగ్రత్తగా పట్టుకోండి, చేతికి గుచ్చుకుంటుంది. ఉక్కు తీగ తాడు ముక్క. దీని పుట్టుక చెబితే దీని మీద మీకు గౌరవం వస్తుంది. 1834లో జర్మనీలో హార్జ్ కొండల గనుల దగ్గర విల్హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి దీన్ని తయారు చేయించాడు. అంతకుముందు గొలుసులతో గనిలోంచి ఖనిజం లాగేవారు. గొలుసుతో చిక్కు ఏమిటి? ఒక్క లంకె పోతే మొత్తం పోయినట్టే, అదీ చెప్పాపెట్టకుండా. ఆల్బర్ట్ ఇనుప తీగలు నాలుగేసి కలిపి పేట చేసి, మూడు పేటలు మెలిపెట్టాడు. ఒక తీగ తెగితే మిగతా తీగలు మోస్తాయి. తెగిన తీగ బయటికి పొడుచుకు వచ్చి కనిపిస్తుంది. అంటే ఇది చచ్చే ముందు చెప్పి చస్తుంది. అందుకే పుట్టింది.

మరి మనం వింటున్నామా? ఉత్త చేత్తో తడమకండి, ముళ్లు దిగుతాయి. చిరిగిన గుడ్డ ముక్క ఒకటి పట్టుకుని తాడు పొడుగునా లాగండి. గుడ్డ ఎక్కడ పీచు లేస్తే అక్కడ ఆగి చూడండి. ఒక పేట తాడు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చే పొడవును ఒక మెలిక అంటాం. స్లింగులో ఆ ఒక్క మెలికలో పది తీగలు తెగి ఉన్నా, ఒకే పేటలో ఐదు తెగి ఉన్నా, ఆ స్లింగ్ పని అయిపోయింది. పక్కన పెట్టడం కాదు. కోసి ముక్కలు చేయండి. పక్కన పెట్టినది పనివేళ హడావుడిలో మళ్లీ హుక్కెక్కుతుంది. ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

ఈ ముక్కకు ఒక చివర కన్ను చేసి క్లిప్పులు బిగించారు, చూశారా? మూడు క్లిప్పులు. మూడూ తిరగేసి ఉన్నాయి. యు బోల్టు గుండ్రని భాగం బరువు మోసే తాడును కరుచుకుని ఉంది, క్లిప్పు దిమ్మ తోక మీద, అంటే మడిచిన పొట్టి కొస మీద ఉంది. ఇలా పెడితే బిగించే కొద్దీ మోసే తాడునే నలిపేస్తాం. సరిగా పెడితే ఆ కన్ను తాడు శక్తిలో 80 శాతం దాకా నిలుపుతుంది. తిరగేస్తే సగానికి సగం పడిపోతుంది. నేను కుర్రాళ్లకు ఒకే మాట చెప్పేవాణ్ని. కరిచేది తోకను కరవాలి, మోసేది దిమ్మలో పడుకోవాలి. మొదటిసారి బరువు పడ్డాక తాడు సన్నబడుతుంది, అప్పుడు నట్లు మళ్లీ బిగించాలి. అసలు ఈ క్లిప్పుల కన్ను స్తంభాలను లాగి నిలబెట్టే గై తాళ్లకు, ఆధారాలకు. బరువెత్తే స్లింగుకు నొక్కి చేసిన కన్నే ఉండాలి. ఆ సంగతి మనందరికీ తెలుసు. అయినా సంచిలో ఇది ఉంది.

రిగ్గర్ల మీదే పడ్డానని మిగతావాళ్లు నవ్వుకుంటున్నట్టున్నారు. వెల్డర్లు, ఫాబ్రికేటర్లు ఎక్కడున్నారు? గ్రైండరుకు రక్షణ తొడుగు, అంటే గార్డు తీసేసి 180 మిల్లీమీటర్ల డిస్క్ వేసేవాళ్లు? 125 మిల్లీమీటర్ల డిస్కు కోసం చేసిన గ్రైండరుకు, 180 డిస్కుకు రంధ్రం కొలత ఒకటే, అందుకే చెయ్యి ఊరుకోదు. గార్డు అడ్డమొస్తే గార్డునే తీసేస్తాం. ఆ చిన్న గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. 180 డిస్క్ మీద చూడండి, గరిష్ఠం 8,500 అని అచ్చేసి ఉంటుంది. సెకనుకు 80 మీటర్ల అంచు వేగానికి తయారైన డిస్కును 103 మీటర్ల దగ్గర తిప్పుతున్నాం. గంటకు 370 కిలోమీటర్లు. దాన్ని చీల్చే బలం అరవై ఏడు శాతం ఎక్కువ. అది పగిలితే ముక్క ఎటు వెళుతుంది? గార్డు ఉండాల్సిన వైపు. అక్కడ ఇప్పుడు మీ మొహం ఉంది.

ఎలక్ట్రీషియన్లకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్లకు నాకంటే బాగా తెలుసు. తెలిసే ప్లగ్గు లేకుండా ఉత్త వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్ల గుచ్చుతారు. ఫ్యూజు వైరు బదులు రాగి తీగ చుడతారు. అరవై వాట్ల బల్బు 230 వోల్టుల మీద ఒక పావు ఆంపియరు పైచిలుకు లాగుతుంది. మనిషిని కాపాడే యంత్రం 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కరెంటు ఆపేస్తుంది. ఎందుకంటే అక్కడి నుంచే గుండెకు ప్రమాదం. బల్బు వెలగడానికి కావలసినదానిలో ఎనిమిదో వంతు కూడా కాదు. ఇక మెకానిక్కులు, జాకీ మీద బండి లేపి, పక్కన సిమెంటు ఇటుకలు పెట్టి కిందికి దూరడం. సిమెంటు ఇటుక వంగదు, సాగదు, ఒకేసారి పిండవుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను, స్టాండు వాడండి.

ఎత్తులో పని చేసేవాళ్లకు ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ మధ్య బెల్టు లేని మనిషి తక్కువ, సంతోషం. బెల్టు ఉంది, తాడు ఉంది, హుక్కు ఉంది. హుక్కు ఎక్కడుంది? కేబుల్ ట్రేకు. సన్నని పైపుకు. పరంజా చెక్కను కట్టిన బైండింగ్ వైరుకు కూడా చూశాను. పడే మనిషి కుదుపును ఆపే ఆధారం రెండు టన్నులకు పైగా తట్టుకోవాలి. మీ బరువెంత అన్నది కాదు ప్రశ్న. పడటం మొదలైతే 1.8 మీటర్లు జారడానికి 0.6 సెకన్లు చాలు. ఆ లోపల చెయ్యి చాపి ఏదో పట్టుకుంటాను అనుకునేవాడు తనను తాను కోతి అనుకుంటున్నాడు.

ఇప్పుడు నా భుజం తట్టిన మేస్త్రి దగ్గరికి వెళదాం. చెడ్డవాడు కాదు. నాకు పని నేర్పింది ఆయనే. కానీ ఆరోజు నేను "పిన్ను లేదు, స్టోరుకు వెళ్లి తెస్తాను, అరగంట ఆగండి" అని ఉంటే ఏమనేవాడు? భుజం తట్టేవాడా? "వీడికి చేతకాదు" అనేవాడు. సర్దుబాటు చేసినవాడు పనిమంతుడు, ఆగమన్నవాడు చేతకానివాడు. ఈ పేర్లు పెట్టింది ఎవరు? మనమే. ఉపాయం లేనివాణ్ని ఊళ్లోంచి వెళ్లగొట్టమన్నారు పెద్దలు. ఉపాయం వద్దని నేను అనను. ఉపాయం లేని రిగ్గరు ఎందుకు పనికొస్తాడు? దారిలో స్తంభం ఉంటే బరువును ఎలా తిప్పాలి, దిమ్మ మీద ఎలా సరిగ్గా కూర్చోబెట్టాలి, అక్కడ చూపించండి ఉపాయం. దీపం వేలాడదీయడానికి బైండింగ్ వైరు చుట్టుకోండి, నేను చూడను. కింద మనిషి ఉన్నా, పైన మనిషి ఉన్నా, ఆ వేలాడే దాంట్లో మాత్రం ఉపాయం పెట్టకండి.

యజమానులు, మేనేజర్లు కొందరు వచ్చారు. మీతో కొంచెం కటువుగా మాట్లాడతాను, వయసు చూసి క్షమించండి. గోడ మీద బొమ్మలు అంటిస్తారు, ఉదయం ప్రతిజ్ఞ చేయిస్తారు. బాగుంది. షాకిల్ పిన్ను ఎక్కడుంది? స్టోరులో. స్టోరుకు తాళం ఉంది. తాళం కావాలంటే చీటీ రాయాలి. చీటీ మీద సంతకం కావాలి. సంతకం పెట్టాల్సిన మనిషి మీటింగులో ఉన్నాడు. క్రేన్ గంట లెక్కన అద్దెకు వచ్చింది. మరి బోల్టు ఎక్కడుంది? కాలి కింద. ఏ మనిషైనా ఏది తీసుకుంటాడు? ప్రతిజ్ఞ చేసినవాడు కూడా బోల్టే తీసుకుంటాడు.

నేను ఫోర్‌మన్ అయ్యాక చేసిన పని ఒకటే, గొప్ప పనేమీ కాదు. ఒక చెక్క పలక చేయించి, షాకిళ్లు, పిన్నులు, మూడు పొడవుల స్లింగులు మేకులకు తగిలించాను. ప్రతిదాని వెనక పలక మీద దాని ఆకారం రంగుతో గీయించాను. ఒకటి లేకపోతే ఖాళీ బొమ్మ కనిపిస్తుంది. దానికి తాళం లేదు. పలకను క్రేన్ పక్కనే పెట్టించాను. "దొంగతనం జరుగుతుంది" అన్నారు. జరిగింది, రెండు షాకిళ్లు పోయాయి. మళ్లీ కొన్నాం. కానీ ఆ తర్వాత నా సైటులో షాకిల్‌లో బోల్టు నేను చూడలేదు. ఎవరికీ నీతులు చెప్పలేదు. పిన్ను బోల్టు కంటే దగ్గరగా ఉంది, అంతే.

కుర్రాళ్లకు ఒకటి. పెద్ద మేస్త్రి ముడేసిన స్లింగ్ హుక్కుకు తగిలిస్తుంటే మీరు ఏమనగలరు? "తప్పు చేస్తున్నారు" అంటే వినడు, పైగా రేపటి నుంచి మిమ్మల్ని పిలవడు. నాకు తెలుసు, నేనూ అలాంటి మేస్త్రినే. నా దగ్గర ఒక హెల్పరు ఉండేవాడు, మాట తక్కువ. ఏదైనా అనుమానం వస్తే, బరువు నేల నుంచి జానెడు లేవగానే, "మేస్త్రీ, ఒకసారి దించి చూద్దామా?" అనేవాడు. అంతే. తప్పు అనడు, నాకు తెలుసు అనడు. దించి చూద్దామా అంటే కాదనడానికి ఎవరికీ మనసు రాదు. జానెడే కదా. దించితే మూడోవంతు సార్లు నిజంగా ఏదో ఒకటి సరిచేశాం. ఆ మాట మీరూ వాడుకోండి, దానికి హక్కుదారు ఎవరూ లేరు.

మేస్త్రీలు, మీరు దానికి విసుక్కోకండి. తెగదని నిరూపించడం మన పని కాదు. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ అనే మనిషి ఏం చేశాడో విన్నారా? జనం అందరూ చూస్తుండగా తాను నిలబడి ఉన్న లిఫ్టు పలకను పైకి లాగించుకుని, ఆ తాడును తెంపేయమన్నాడు. తెంపారు. పలక కొంచెం జారి ఆగిపోయింది. తాడు తెగితే పట్టుకునే పళ్లు పక్కన పెట్టుకున్నాడు. "నా తాడు గట్టిది" అని చెప్పుకోలేదు ఆయన. తెగితే ఏమిటి అని తనను తాను ముందే అడిగాడు. మన దగ్గర ఆ పళ్లు లేవు. మనకున్నది ఒకటే, బరువు కింద మనిషి లేకుండా చూసుకోవడం.

సమయం అయిపోయిందని చూపిస్తున్నారు. నా బోల్టు ఎక్కడి దాకా వెళ్లింది? చివరి వరుసలోనా? పరవాలేదు, అందరూ చూశాకే ఇవ్వండి. ఆ షాకిల్‌కు వేసిన అసలు పిన్ను కూడా సంచిలో ఉంది, 22 మిల్లీమీటర్లది. బయట బల్ల మీద రెండూ పక్కపక్కన పెడతాను, కొలిచే స్కేలు కూడా పెడతాను. మీ సైటు షాకిళ్లు ఎవరైనా తెచ్చుకుని ఉంటే వాటి పిన్నులు కూడా అక్కడే కొలుద్దాం. ఆ వెనక నీలం చొక్కా అబ్బాయి, మీ సంచి బరువుగా కనిపిస్తోంది, ముందు మీదే చూద్దాం రండి.